పసుపు చీర ఆరేసిన వారం

ఎగువలంక గట్టు దినచర్య పుస్తకం. రాసేది: హైమవతి, పిలుపుమనిషి.

సోమవారం. ఈశాన్యపు గాలి, మెల్లగా. మబ్బు లేదు.

ఇందులో పడవల రాకపోకలు, గాలీ వానా తప్ప మరో ముక్క రాయకూడదని నియమం. ఆ నియమం పెట్టిన సర్పంచి రత్నమాణిక్యం గారు ఈ పుస్తకాన్ని ఏనాడూ తెరిచి చూసిన పాపాన పోలేదు. అందుకని ఈ వారం నా ఇష్టం వచ్చింది రాసుకుంటాను. ఎవరికీ చెప్పుకోలేనిది ఒకటి పొద్దుటి నుంచీ నాలోనే ఉండిపోయింది.

ముందు పని సంగతి. తెల్లారి లేచి, మేడ మీద ఉప్పునీళ్ళను మంచినీళ్ళు చేసే గాజుపళ్ళేలకు పట్టిన ఉప్పు గీకాను. పోటుకు కింది అంతస్తులోకి వచ్చిన రొయ్యల్ని మా మేనత్త మంగతాయారు గంపతో పట్టి కూరకు అట్టేపెట్టింది. తర్వాత ఆవిడ సగ్గుబియ్యం కొనడానికి తెప్ప ఎక్కి సంతకు వెళ్ళింది. నేను గట్టు గదికి వచ్చి రేడియో పెట్టాను. మా మేడల మధ్య గాలిపడవలు దిగడానికి ఉత్తరాన ఒకటి, దక్షిణాన ఒకటి పెద్ద డాబాలున్నాయి. వాటినే గట్టు అంటాం. వచ్చే పడవను పలకరించి, ఏ గట్టుకు ఎటునుంచి రావాలో చెప్పి దింపడం నా పని.

పొద్దున గవర్రాజు బాబాయి పడవ ఒక్కటే వచ్చింది. దింపాను. అది వెళ్ళాక, ఈ చుట్టుపక్కల గాలిదారులన్నీ చూసే పెద్ద టవర్ వాళ్ళు పిలిచారు.

"హైమవతి గారూ, కంట్రోలర్ శిక్షణకు మీరు పెట్టుకున్న దరఖాస్తు చూశామండి. ఈ విడతలో మిమ్మల్ని తీసుకోలేకపోతున్నాం."

"అలాగేనండి. చాలా థాంక్సండి," అన్నాను.

కాదన్నవాళ్ళకు థాంక్స్ చెప్పిన ఈ నోటిని ఏం చెయ్యాలో తెలియలేదు. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది, అదీ ఎవరి మీదో తెలియని కోపం. నాకు కోపం వస్తే బట్టలుతుకుతాను. ఇంటికి వెళ్ళి దుప్పట్లు, దిండు గలీబులు, తెరలు, చివరికి అత్త పెట్టెలో మడత నలగకుండా దాచుకున్న చీరలు కూడా తీసి ఉతికి పడేశాను. తీగ నిండిపోయింది. ఆఖరున మిగిలిన చీరకు చోటు లేక, ఒక కొసను కబురుకర్రకు ముడేసి వదిలేశాను. గాలికి చక్కగా ఎగిరింది.

అది పసుపు చీర.

కబురుకర్ర మా ఊళ్ళో ప్రతి మేడ మీదా ఉంటుంది. సముద్రం లోపలికి వచ్చేసిన కొత్తలో, ఒక మేడ నుంచి ఇంకో మేడకు మాట చేరవేసే దారి లేనప్పుడు మొదలైన అలవాటు. ఎర్ర గుడ్డ కడితే జబ్బు, డాక్టరు పడవ కావాలి. పసుపు కడితే శుభవార్త. బూడిదరంగు కడితే దుఃఖం. బూడిద గుడ్డ కట్టిన ఇంటికి అన్నం తీసుకెళ్ళాలి. ఎవరింట్లో అని అడగొచ్చు గానీ ఏం జరిగిందని అడగకూడదు. ఆ ఇల్లు ఒంటరిగా కనబడకుండా, పొద్దు గూకేదాకా ఎవరి మేడ మీద వాళ్ళూ బూడిద గుడ్డ కట్టాలి. తుఫానులోంచి మావయ్య పడవ తిరిగి రాని రోజున ఊరు ఊరంతా బూడిద గుడ్డలే.

ఇదంతా ఊహ తెలిసినప్పటి నుంచీ ఎరిగినదాన్ని. కోపంలో ఉంటే రంగులు కూడా కనబడవని ఇవాళ తెలిసింది.

అత్త ఆ చీరను తెప్ప మీద నుంచే చూసిందట. మెట్లన్నీ ఎక్కి ఆయాసపడుతూ వచ్చి, సగ్గుబియ్యం సంచి ఎక్కడ పడేసిందో కూడా చూసుకోకుండా నన్ను వాటేసుకుంది.

"ఒచ్చేసిందే. నాకు తెలుసే, ఒచ్చేత్తాదని. మీ మావయ్య ఉంటేనా, ఈపాటికి ఊరంతా తిరిగి చెప్పుకునేవోడు," అంటూ ఏడ్చేసింది.

మావయ్య పోయాక అత్త ఏడవగా నేను చూడలేదు. ఆవిడ వెనకాల పక్క మేడలవాళ్ళు అప్పుడే వచ్చి నవ్వుతూ నిలబడ్డారు. నేను వంగి సగ్గుబియ్యం సంచి వెతకడం మొదలుపెట్టాను.

రేపు చెప్పేస్తాను.

మంగళవారం. గాలి అదే. ఎండ గట్టిగా ఉంది.

చెప్పలేదు.

పొద్దున్నే రత్నమాణిక్యం గారు పూతరేకుల డబ్బాతో వచ్చారు. ఆవిడ చేతి పూతరేకులు పెళ్ళిళ్ళకు తప్ప బయటికి రావు. నన్ను కూర్చోబెట్టి, మొదటిది ఆవిడే నా నోట్లో పెట్టారు. నోరు నిండా పూతరేకు ఉన్నప్పుడు, నన్ను తీసుకోలేదండీ అని ఎలా చెప్పాలి? అది కరిగేలోపు ఇంకొకళ్ళు వచ్చారు. వాళ్ళ చేతిలో సున్నుండలు.

మధ్యాహ్నం గవర్రాజు బాబాయి పిలిచాడు. ఆయన ఊరి పొలిమేరకు రాగానే హారన్ కొట్టడం మామూలే. ఇవాళ మాత్రం చెవులు చిల్లులు పడేలా కొట్టాడు.

"గట్టూ, గవర్రాజునమ్మా. పసుపు చీర మైలు దూరం నుంచే కనపడతంది. ఇంక నువ్వు పెద్ద టవర్ మేడమ్‌వి. మాలాంటి పాత పడవలోళ్ళు పిలిత్తే పలుకుతావో పలకవో."

"ఎందుకు పలకను బాబాయ్. ఉత్తరం గట్టుకి రండి. ఎత్తు తగ్గించకండి, అత్త వడియాలు పెట్టింది."

"ఉత్తరం గట్టు. ఎత్తు తగ్గించను. వడియాలున్నాయి," అని అప్పజెప్పాడు.

గాలిదారి పద్ధతి అది. చెప్పిన మాటను అవతలివాళ్ళు తిరిగి అప్పజెప్పేదాకా చెప్పినట్టు కాదు. నిన్న పెద్ద టవర్ వాళ్ళు చెప్పిన మాటను నేనింకా ఎవరికీ అప్పజెప్పలేదు. కనీసం ఇక్కడ రాస్తాను. నన్ను తీసుకోలేదు.

తప్పు వాళ్ళది కూడా కాదు. శిక్షణకు ముందు పెట్టిన పరీక్షలో స్క్రీన్ నిండా చుక్కలు, ఒక్కో చుక్కా ఒక్కో పడవ. అన్నీ ఉత్తుత్తి పడవలేనని ముందే చెప్పారు. అందులో ఒకాయన గొంతు వణికింది. ఇంజను ఆగిపోతోందండీ అన్నాడు. నేను ఆయన్ని పట్టుకున్నాను. "కంగారు పడకండి అన్నయ్యా, నేనున్నాను, నెమ్మదిగా ఎడమకు తిరగండి, పొద్దున ఏమైనా తిన్నారా" అని మాట్లాడుతూ మాట్లాడుతూ చక్కగా దింపాను. తల తిప్పి చూసేసరికి ఇంకో మూల రెండు చుక్కలు ఒక్కటయిపోయి ఉన్నాయి. పరీక్ష పెట్టినావిడ స్క్రీన్ ఆపేసి, "ఒక్కళ్ళని చాలా బాగా చూసుకున్నారమ్మా. ఇక్కడ అందర్నీ చూడాలి," అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అన్యాయం జరిగి ఉంటే తిట్టుకోడానికైనా ఒక మనిషి దొరికేది.

బుధవారం. గాలి తూర్పుకు తిరిగింది.

సర్పంచి గారు గట్టు గదికి వచ్చారు. నేను వెళ్ళిపోతే పడవల్ని పిలవడానికి ఎవరూ లేరట. ఊళ్ళో ఎవరూ ముందుకు రాలేదట. అందుకని మన గట్టును పెద్ద టవర్ యంత్రానికి కలిపేద్దామని ఆదివారం సభలో తీర్మానం చేస్తారట. ఒకసారి కలిపితే మళ్ళీ విడదీయడం ఉండదు. చుట్టుపక్కల లంకలన్నీ అలాగే కలిసిపోయాయి. మాదొక్కటే మిగిలింది.

"శుక్రవారం ఒకసారి యంత్రంతో దింపించి చూద్దామమ్మా. నువ్వు దగ్గరుండి చూడు. నీ చేతుల మీదుగా అప్పజెప్పినట్టుంటది," అన్నారు.

"అలాగేనండి," అన్నాను.

ఈ మాట ఈ వారంలో రెండోసారి. పెద్ద టవర్ పోయింది, అది ఎలాగూ నాది కాదు. గట్టు నాది. నోరు విప్పకపోతే ఆదివారానికి అదీ పోతుంది. ఈ సంగతి నాకు స్పష్టంగా తెలుసు. తెలిసి కూడా ఇంటికి వెళ్ళి తువ్వాళ్ళు ఉతికాను.

గురువారం. గాలి తూర్పు. మధ్యాహ్నం కాస్త మబ్బు.

అత్త నాకోసం బొంత కుడుతోంది. తన పాత చీరలు, మావయ్య చొక్కాలు ముక్కలు చేసి కుడుతోంది. పెద్ద టవర్లో చల్లగాలి మిషన్లు ఎప్పుడూ తిరుగుతూ ఉంటాయని ఎవరో చెప్పారట.

"ఒకేళ అక్కడ తిండి నచ్చకపోతే ఇక్కడిదాకా పరిగెత్తుకు రాకు. గవర్రాజు చేత నేనే పంపిత్తాను. రొయ్యలు వేయించి డబ్బాలో పెడితే చెడవు," అంది సూదిలో దారం ఎక్కిస్తూ.

"నేను లేకపోతే నీకు తోచదు కదా అత్తా."

"తోచదు. ఏం చేత్తాను, రేడియో పెట్టుకుంటాను. అందులో నువ్వు ఎవరో ఒకళ్ళని పిలుత్తా ఉంటావు కదా. నీ గొంతు వింటాను."

నేను లేచి వంటింట్లోకి వెళ్ళి, ఏ పనీ లేకపోయినా గిన్నెలు తోమాను. ఈవిడను నేను ఎంత ప్రేమిస్తున్నానో ఎప్పుడూ చెప్పలేదు. చెప్తే, జొరమేమైనా వచ్చిందా అని నుదురు పట్టుకుని చూస్తుంది.

అసలు ఈ ఉద్యోగం ఎందుకు కావాలనుకున్నానో ఇక్కడ రాసుకోవాలి. మావయ్య పడవ తుఫానులో చిక్కుకున్న రోజు నేను అత్త ఒళ్ళో కూర్చుని రేడియో విన్నాను. చిన్నపిల్లను. మావయ్య పలకడం మానేశాడు. పక్క పడవలవాళ్ళు కూడా మానేశారు. కానీ పెద్ద టవర్ నుంచి ఎవరో ఒకావిడ, "మంగళదీపం పడవా, వినబడుతోందా? మంగళదీపం, మేమిక్కడే ఉన్నాం," అని పిలుస్తూనే ఉంది. ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు, విసుక్కోలేదు. ఆవిడ పిలుస్తున్నంతసేపూ అత్త నన్ను గట్టిగా పట్టుకునే ఉంది. ఆవిడెవరో నాకు తెలియదు. ఆ గొంతు నేనవ్వాలనుకున్నాను.

ఇప్పుడు తీసుకోలేదన్న మాట చెప్తే, అత్త దగ్గర్నుంచి కూడా ఆ గొంతును లాగేసుకున్నట్టే. అందుకే చెప్పలేకపోతున్నాను. సిగ్గు కూడా ఉంది. లేదంటే అబద్ధం అవుతుంది.

శుక్రవారం. గాలి తూర్పు, నిలకడగా. వడియాలకు మంచి ఎండ.

మంచి ఎండ అని రాశాను. ఇప్పుడు ఆ మాట చూస్తే నవ్వొస్తోంది.

యంత్రం పరీక్షకు సగం ఊరు మేడలెక్కింది. పక్క లంక పడవ ఒకటి వచ్చింది. రేడియోలో యంత్రం గొంతు చాలా మర్యాదగా పలికింది. "నమస్కారం. దగ్గరి దారిలో దిగండి. ఎత్తు తగ్గించండి." దగ్గరి దారి అంటే సరిగ్గా మా మేడ మీదుగా. పడవ కిందికి వచ్చింది. దాని రెక్కల గాలికి ముందు తీగ మీది తువ్వాళ్ళు లేచాయి. తర్వాత అత్త పొద్దుటి నుంచీ వంగి వంగి పెట్టిన సగ్గుబియ్యం వడియాలు, కింద పరిచిన పంచెతో సహా లేచాయి. పంచె వెళ్ళి సర్పంచి గారి కబురుకర్రకు చుట్టుకుంది. వడియాలు మాత్రం ఊరంతటికీ సమానంగా పడ్డాయి. రత్నమాణిక్యం గారి కొప్పులో రెండు అంటుకున్నాయి. ఆవిడకు చాలాసేపటి దాకా తెలియలేదు, చెప్పే ధైర్యం ఎవరికీ లేదు.

"సురక్షితంగా దిగారు. ధన్యవాదాలు," అంది యంత్రం.

దాని తప్పేమీ లేదు. పడవ నిజంగానే సురక్షితంగా దిగింది. మా మేడ మీద వడియాలున్నాయని దానికి చెప్పినవాళ్ళు లేరు. చెప్పాల్సినదాన్ని నేను, మైకు పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాను.

అత్త యంత్రాన్ని, అది పుట్టిన టవర్ని, దాన్ని కనిపెట్టినవాళ్ళ ఏడు తరాల్నీ తిట్టింది. తిట్టడం అయ్యాక ఇద్దరం గంపలు పట్టుకుని ఒక్కో మేడకూ వెళ్ళి వడియాలు ఏరుకున్నాం. తాళ్ళ వంతెన దాటి ఆఖరి డాబా మీదికి వెళ్ళేసరికి అక్కడ మేమిద్దరమే ఉన్నాం. తడి వడియం ఒకటి గోడకు అంటుకుపోయింది. దాన్ని గోటితో గీకుతూ చెప్పాను.

"అత్తా, నన్ను తీసుకోలేదు."

"ఎక్కడికి?"

"శిక్షణకి. సోమవారమే చెప్పేరు. తీసుకోలేదని."

అత్త గంప కింద పెట్టింది. "మరి పసుపు చీర కట్టేవు కదే."

"కట్టలేదు, ఆరేసేను. తీగ మీద చోటు లేక."

ఆవిడ నా మొహం వంక చూసింది, మా మేడ మీద ఇంకా ఎగురుతున్న చీర వంక చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. పిట్టగోడ పట్టుకుని, కొంగు నోట్లో కుక్కుకుని, కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. అలా నవ్వుతూనే ఎప్పుడు ఏడుపులోకి వెళ్ళానో తెలియలేదు. ఈ వారమంతా రాని ఏడుపు అప్పుడొచ్చింది. అత్త నన్ను దగ్గరికి తీసుకుని, జిగట చేతులతోనే నా వీపు నిమిరింది.

"ఇన్ని రోజులు కడుపులో దాచుకున్నావా. బూడిద గుడ్డ కట్టి ఊరుకోవాల్సింది కదే పిచ్చిమొహమా."

"ఉద్యోగం రాలేదని బూడిద గుడ్డ కడతారా ఎవరైనా? మావయ్యకి కట్టింది అది. అంత దుఃఖమా ఇది?"

"అన్నం సయిత్తందా నీకు?"

"లేదు."

"నిద్ర పడతందా?"

"లేదు."

"మరింకేటి కావాల. ఎంత దుఃఖానికి కట్టాలో ఎవరూ కొలత పెట్టలేదే. కొలిచి కట్టేదైతే మీ మావయ్యకి ఊళ్ళో గుడ్డ సరిపోయేదా?"

గోడకున్న వడియాన్ని ఊడదీసి గంపలో వేశాను. అప్పుడు అడిగాను. "నువ్వు నా గొంతు రేడియోలో వింటానన్నావు కదా."

"పెద్ద టవర్లోంచే వినాలని నేనన్నానా? గట్టు రేడియో మనింట్లో రాదా?" అంది. తర్వాత కొంగుతో నా మొహం తుడిచి, "నీ కబురు నువ్వే కట్టుకో. నేను కట్టను. ఆదివారం సభకి ముందే కట్టు," అంది.

శనివారం. గాలి లేదు. పడవలు రెండు.

అత్త పెట్టె తీసి బూడిద గుడ్డ నా ముందు పెట్టింది. మావయ్యకు కట్టినదే. వద్దన్నాను. ఇంట్లో ఉన్నది అదొక్కటేనంది, గుడ్డ గుడ్డేనంది. మడతల్లో కర్పూరం వాసన ఉంది.

ఇవాళ ఏమీ ఉతకలేదు.

ఆదివారం. ఈశాన్యపు గాలి మళ్ళీ వచ్చింది.

ఊరంతా తలంట్లు పోసుకుని సభకు తయారవుతున్న వేళ మేడ ఎక్కాను. పసుపు చీర ముడి విప్పాను. వారం రోజుల గాలికి అంచు చిరిగింది. మడిచి అత్త చేతికిచ్చాను. బూడిద గుడ్డ కట్టాను. మొదటి ముడి సరిగ్గా పడలేదు, మళ్ళీ వేశాను. అత్త పక్కనే నిలబడింది గానీ సాయం పట్టలేదు.

ఎదుటి మేడ మీద జుట్టు ఆరబెట్టుకుంటున్న పిల్ల చూసి అలాగే నిలబడిపోయింది. దాని తల్లి వచ్చి చూసింది. వంతెన మీద వెళ్తున్నవాళ్ళు ఆగారు. కాసేపు ఊళ్ళో ఎగురుతున్న బూడిద గుడ్డ మాదొక్కటే. నవ్వుతారేమో అనుకున్నాను. లేదా ఊరందరినీ మోసం చేసిందనుకుంటారేమో. పూతరేకులు, సున్నుండలు, అరిసెలు, అన్నీ తిన్నాను కదా. దాన్ని పీకేసి లోపలికి పరిగెత్తాలనిపించింది.

అప్పుడు రత్నమాణిక్యం గారి మేడ మీద బూడిద గుడ్డ లేచింది. ఆవిడ సభకు కట్టుకున్న పట్టుచీరతోనే తాడు లాగుతున్నారు. తర్వాత ఎదుటి మేడ. దాని పక్కది. దక్షిణం గట్టు వెనకాల ఇళ్ళు. బూడిద గుడ్డ దొరకని వాళ్ళెవరో వంటింటి మసిగుడ్డ కట్టారు. చూస్తుండగానే ఊరంతా కట్టేసింది. మావయ్య పోయినప్పుడు ఇలాగే చూశాను, అత్త నడుం పట్టుకుని. ఇప్పుడు అత్త నా నడుం పట్టుకుంది. ఇదంతా నాకా, ఇంత చిన్న సంగతికా అనుకున్నాను. చిన్నది కాదని నా ఊరు చెప్పింది.

అన్నాలు మొదలయ్యాయి. పప్పుచారు, చేపల పులుసు, గోంగూర. రత్నమాణిక్యం గారు పూతరేకుల డబ్బాతో వచ్చారు. మంగళవారం తెచ్చిన డబ్బాయే. నాకు వీడ్కోలు చెప్పడానికి చేసి ఉంచిన పూతరేకులు ఇప్పుడు ఓదార్పుకు పనికొచ్చాయి. ఏం జరిగిందని అడగకూడదు. అర్థం చేసుకోకూడదని మాత్రం నియమం లేదు. ఆవిడ నా పక్కన కూర్చుని, మొదటిది మళ్ళీ తానే నా నోట్లో పెట్టారు.

"సభ లేదమ్మా ఇవాళ," అన్నారు. "గట్టుకి మనిషి ఉండగా సభ దేనికి."

"ఒకటి అడగనా అండీ," అంది అత్త. "యంత్రం ఒచ్చిన రోజు మీ కొప్పులో..."

"తెలుసు తాయారు. ఇంటికెళ్ళి చూసుకున్నాను. వేయించుకుని తిన్నాను, ఉప్పు సరిపోలేదు."

ఈ వారంలో మొదటిసారి కడుపు నిండా తిన్నాను. వచ్చే ఏడు మళ్ళీ దరఖాస్తు పెడతానో లేదో ఇప్పుడు తెలియదు. అందర్నీ ఒకేసారి చూడడం నేర్చుకోగలనేమో. నేర్చుకోలేనేమో కూడా. ఆ మాట తలుచుకుంటే ఇంకా నొప్పిగానే ఉంది. కానీ తలుచుకోగలుగుతున్నాను.

చెయ్యి కడుక్కుని గట్టు గదికి వచ్చేసరికి రేడియో గరగరలాడుతోంది. హారన్ మోత లేదు. బూడిద గుడ్డలున్న ఊరి మీద ఏ పడవా హారన్ కొట్టదు.

"గట్టూ, గవర్రాజుని. ఊరంతా బూడిద కట్టేరు. ఎవరింటికి రావాలమ్మా?"

మైకు తీసుకున్నాను.

"మా ఇంటికే బాబాయ్."

ఏం జరిగిందని ఆయన అడగలేదు.

"పడవలో కోడిగుడ్లున్నాయి, కాస్త కొత్తిమీర ఉంది. అయ్యి తెత్తాను. ఎటు దిగమంటావు?"

"ఉత్తరం గట్టుకి రండి. తూర్పు నుంచి తిరిగి రండి, ఎత్తు తగ్గించకండి. అత్త మళ్ళీ వడియాలు పెట్టింది."

"ఉత్తరం గట్టు. తూర్పు నుంచి. ఎత్తు తగ్గించను. వడియాలున్నాయి." కొంచెం ఆగి, "మరి రేపు పిలిచేదెవరమ్మా?" అన్నాడు.

"నేనే బాబాయ్."

"రేపు కూడా నువ్వే," అని అప్పజెప్పాడు.

గవర్రాజు పడవ ఉత్తరం గట్టున దిగింది. వడియాలు ఒక్కటీ ఎగరలేదు.